కారణము చెప్పుట

నిరుటి వర్షాకాలమున నొక యుదయము, రెండవ గంట మ్రోగిన పిమ్మట, ఎనిమిదవ తరగతి బాలుఁడొకఁడు తడిసిన బట్టలతో వచ్చి మాకొక చీటి నిచ్చెను. "ఐ వజ్ లేట్ బికాజ్ ఆఫ్ ది గెడ్డ వజ్ ఫుల్" అని యందు వ్రాసి యుండెను. మేము వెంటనే ఎఱ్ఱసిరా కలముఁ గైకొని, "ఆఫ్" అను మాటను కొట్టివైచి, హాజరుపట్టీలో ఆలస్యపు గుర్తు పెట్టి, వానిని వెనుకబల్లపైఁ గూర్చుండఁబెట్టితిమి.

ప్రియ విద్యార్థులారా, ఈ పొరపాటు మనకు సహజము. తెలుఁగున "వాన వలన" అనియు, "వాన కురిసినందు వలన" అనియు నొక్క "వలన" యే రెండుచోట్లఁ జెల్లును. ఆంగ్లమున నట్లు గాదు. క్రియతోఁ గూడిన వాక్యమునకు ముందు "బికాజ్" వచ్చును; ఉత్త నామమునకు ముందు "బికాజ్ ఆఫ్" వచ్చును. కావున బాలుఁడు "బికాజ్ ది గెడ్డ వజ్ ఫుల్" అని గాని, "బికాజ్ ఆఫ్ ది ఫ్లడ్" అని గాని వ్రాయవలసినది. "డ్యూ టు" అనునదియు నామమునే కోరును. "ది డిలే వజ్ డ్యూ టు ది ఫ్లడ్" అనుట నిర్దుష్టము. వినువానికి ముందే తెలిసిన కారణమైనచో "సిన్స్" అని మొదలిడుట యొప్పును. "ది రీజన్ ఈజ్ బికాజ్" అనిన కారణమును రెండుమాఱులు చెప్పినట్లగును. "ది రీజన్ ఈజ్ దట్" అనిన చాలును.

ఇదంతయు నాఁడు నల్లబల్లపై వ్రాసి వివరించితిమి. బాలుఁడును తల యూఁచెను. సాయంకాలము వానిని బిలిచి, "గెడ్డ యెట్లు దాఁటితివి, నాయనా?" యని యడిగితిమి.

"దాటలేదండి. వంతెన దాకా చుట్టు తిరిగి నడిచి వచ్చినాను. ఈ యేడు ఒక్కరోజు కూడా బడి మానలేదండి" అనెను.

మాకు నోట మాట రాలేదు. శ్రీకాకుళ సమీపమునఁ బర్వతాలపేటలో 1863వ సంవత్సరమున జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర బిడ్డలకుఁ జదువు చెప్పఁదలఁచి, ముందుగాఁ దామే వారి భాషను నేర్చికొనిరి. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. నేర్పువాఁడు ముందు వినవలెనని వారి చరిత్రమును బాలురకుఁ బెక్కుమాఱులు చెప్పియు, మేమే మఱచితిమి.

మఱునాఁడు హాజరుపట్టీలోని యాలస్యపు గుర్తును దీసివైచితిమి. "ఆఫ్" మీఁది యెఱ్ఱగీఁతను మాత్రము తీయలేదు, అది న్యాయమైనదే. కాని యిప్పుడు చీటి చేతికి రాఁగానే మొదట కారణమును జదివి, పిమ్మటనే కలముఁ దీయుచున్నాము.