మా పేరు మేమే చెబుతాం

చలికాలం రాత్రి నెగడు చుట్టూ కూర్చుంటే మా గూడెం కుర్రాళ్ల మాటలు క్రికెట్ వేలం మీదికే పోతాయి. ఎవరిని కొన్నారు, ఎవరిని వదిలేశారు అని పొద్దుపోయేదాకా వాదించుకుంటాం. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులదీ ఇదే తీరు. ఆటలు ముగిశాక వచ్చే చలికాలంలో ఆటగాళ్లు జట్లు మారతారు, అవార్డులు ప్రకటిస్తారు. ఆ రోజుల చర్చలకు వాళ్లు పెట్టుకున్న పేరు ‘హాట్ స్టోవ్’. వేడి పొయ్యి దగ్గరి ముచ్చట్లన్నమాట.

ఆ ముచ్చట్లలో మాకు మనవాడనిపించినవాడు చార్లెస్ ఆల్బర్ట్ బెండర్. ఒజిబ్వే ఆదివాసి. ఫిలడెల్ఫియా జట్టుకు బంతి విసిరేవాడు. 1911 వరల్డ్ సిరీస్‌లో కప్పు తెచ్చిన చివరి ఆట గెలిపించాడు. 1953లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు. అయినా జనం ‘చీఫ్’ అనే పిలిచారు. గౌరవంతో కాదు, ఆదివాసి కాబట్టి. అతను మాత్రం సంతకం తన పేరుతోనే పెట్టేవాడు.

క్లీవ్‌లాండ్ జట్టు 1915 నుంచి ‘ఇండియన్స్’ అనే పేరుతో ఆడింది. అక్కడి ఆదివాసులు ఏళ్ల తరబడి వద్దన్నారు. 2021 సీజన్ అయ్యాక అది ‘గార్డియన్స్’ అయింది.

మాలో కొందరి పేర్లు బడిలో చేరిన రోజే మారిపోయాయి. నోరు తిరగక సారు రాసుకున్న పేరే ఇప్పటికీ సర్టిఫికెట్ల మీద ఉంది. ఇప్పుడు మాలోనూ టీచర్లున్నారు. రిజిస్టరు తెరిచినప్పుడు ముందు పిల్లను అడుగుదాం: ఇంట్లో మీ అమ్మ నిన్ను ఏమని పిలుస్తుంది?