ఇసుక కుక్కర్‌లో రాగి బిస్కెట్లు

అన్నలూ, అక్కలూ, మనింట్లో రాగులుంటాయి, బెల్లముంటుంది, పాడి ఉంటే నెయ్యీ ఉంటుంది. అయినా పిల్లలు బడి నుంచి రాగానే కొట్టుకెళ్లి మైదా బిస్కెట్ల ప్యాకెట్ తెచ్చుకుంటారు. రాగులమ్మిన డబ్బుతో మనం మైదా కొంటున్నామన్నమాట!

దీనికి ఓవెన్ అక్కర్లేదండీ. మూలనపడ్డ పాత కుక్కర్ చాలు. రబ్బరు, విజిల్ తప్పకుండా తీసెయ్యండి, నీళ్లు పొయ్యొద్దు. కడిగి ఆరబెట్టిన ఇసుక అడుగున పోసి, స్టాండు పెట్టి, 10 నిమిషాలు వేడెక్కనివ్వండి. ఈలోగా రెండు గ్లాసుల రాగిపిండి కమ్మని వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చి, గ్లాసు బెల్లం తురుము, ముప్పావు గ్లాసు నెయ్యి, చిటికెడు ఉప్పు కలపండి. ముద్ద కట్టకపోతే చెంచాడు పాలు. రాగిపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు, అంచులు పగులుతాయి, పగలనివ్వండి. బిళ్లలుగా ఒత్తి పళ్లెంలో పెట్టి, సన్నసెగన 20 నిమిషాలు. తియ్యగానే మెత్తగా ఉంటాయి, చల్లారాకే గట్టిపడతాయి. వేడిమీద ముట్టుకుంటే పొడే.

కారం, ఉప్పు ఇష్టమైనవాళ్లకి దిబ్బరొట్టె ఉండనే ఉంది. గోదావరి వైపు అమ్మమ్మలకి ఇది కొత్తేం కాదు. గ్లాసు మినప్పప్పు నానబెట్టి గట్టిగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ తడిపి పిండి కలపాలి. ఉప్పు, జీలకర్ర వెయ్యాలి. మందపాటి గిన్నెలో నూనె ధారాళంగా పోసి, పిండి మందంగా పరిచి, మూతపెట్టి సన్నసెగన ఉంచాలి. తొందర పనికిరాదు. గ్యాసు మీదైతే అడుగు ఎర్రబడ్డాక తిరగెయ్యండి. కట్టెల పొయ్యి ఉన్నవాళ్లు మూతమీద నాలుగు నిప్పులేస్తే పైన కూడా కాలుతుంది. చెరుకుపానకంతో తినాలంటారు గానీ, నాకైతే ఆవకాయే!