ఆరున్నర గంటల పగలు

స్కాట్లండు దేశానికి వాయవ్య మూలన, అట్లాంటిక్ మహాసముద్రపు ఒడ్డున, అసింట్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడ నేలమీద కనిపించే రాళ్ళలో కొన్ని దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటివి. ఊళ్ళు చిన్నవి, ఒకదానికొకటి దూరం. వేసవిలో యాత్రికులు వస్తారుగాని, చలికాలంలో అక్కడ వినిపించేది గాలి హోరూ, సముద్రపు ఘోషా మాత్రమే.

మా చెల్లెలి కుటుంబం గ్లాస్గో నగరంలో ఉంటున్నది. నేను వాళ్ళింటికి వెళ్ళిన ఏడు, డిసెంబరు సెలవులకు అసింట్‌లో స్టోర్ గ్రామం దగ్గర ఒక చిన్న రాతి ఇల్లు నాలుగు రోజులకు అద్దెకు కుదుర్చుకున్నారు. అక్కడ ఏ రోజు ఏం చూడాలో నిర్ణయించే పని మా మేనల్లుడికి అప్పగించారు. వాడికి పన్నెండేళ్ళు.

వాడు గంటలో కాగితం నింపేశాడు. మొదటి రోజు ఎనిమిదింటికి ఇసక తీరం, మధ్యాహ్నం దీపస్తంభం, సాయంత్రం నాలుగింటికి స్టోర్ ముసలాయన.

"ఈ ముసలాయన ఎవరురా?" అని అడిగాను.

"మనిషి కాదు, మామయ్యా! సముద్రంలో స్తంభంలాగా నిలబడిన రాయి. 60 మీటర్ల ఎత్తు! చుట్టూ ఉన్న రాతిని అలలు కొట్టి కొట్టి పడగొడితే, అదొక్కటే మిగిలింది. 1966లో గాని ఎవరూ దాని కొన ఎక్కలేకపోయారు," అన్నాడు వాడు.

మా బావ కాగితం చూసి, "అంతా బాగానే ఉన్నది. మరి సూర్యుణ్ణి అడిగావా?" అన్నాడు.

వాడు తెల్లబోయాడు.

భూమి తన అక్షం మీద ఇరవై మూడున్నర డిగ్రీలు వంగి తిరుగుతున్నది. డిసెంబరులో ఉత్తరార్ధగోళం సూర్యుడికి ఎడంగా వాలి ఉంటుంది. అందుచేత ఉత్తరానికి పోయినకొద్దీ పగలు కురచ అవుతుంది. డిసెంబరు 21న మన విజయవాడలో పగలు 11 గంటలు ఉంటే, స్టోర్‌లో ఆరున్నర గంటలు కూడా ఉండదు. సూర్యుడు తొమ్మిది దాటాక వచ్చి, మూడున్నరకు అస్తమిస్తాడు. మిట్టమధ్యాహ్నం కూడా దిగంతానికి పైన 8 డిగ్రీలే. చెయ్యి చాచి పిడికిలి పడితే, ఆ పిడికిలి చాటున దాక్కుంటాడన్నమాట!

"మరి సముద్రం గడ్డకట్టదా?" అన్నది తొమ్మిదేళ్ళ మేనకోడలు.

గడ్డకట్టదు. దక్షిణాన్నించి వచ్చే ఒక వెచ్చని సముద్ర ప్రవాహం ఆ తీరాన్ని కాపాడుతున్నది. అట్లాంటిక్‌కు అవతల, అంతే ఉత్తరాన ఉన్న లాబ్రడార్ తీరంలో మటుకు చలికాలం సముద్రం మంచుగడ్డ అవుతుంది. అయితే స్టోర్‌లో మంచుకన్న గాలివానదే పెద్ద భయం.

మా బావ కొడుకుతో, "ఎప్పుడు బయలుదేరాలని కాదు, ఎప్పటికి తిరిగి రావాలని ముందు రాయి," అన్నాడు.

వాడు మళ్ళీ లెక్కవేశాడు. దీపస్తంభం నుంచి ముసలాయన దగ్గరికి కొండ అంచు వెంట, బురదలో నడవాలి. పోయి వచ్చేందుకు మూడు గంటలు. పదిన్నరకు బయలుదేరాలి. పన్నెండున్నర అయితే ఎక్కడున్నా వెనక్కు తిరగాలి. ఈ మాట కింద వాడు ఎర్రసిరాతో గీత గీశాడు.

తరవాత సామాను జాబితా తయారయింది: రబ్బరు బూట్లు, ఉన్ని దుస్తులు, కరెంటు పోతే టార్చిలైట్లూ కొవ్వొత్తులూ, సెల్‌ఫోను పని చెయ్యకపోతే కాగితపు పటం. పండగ రోజుల్లో దుకాణాలు మూసి ఉంటాయి గనక బియ్యం, పప్పు, మా చెల్లెలు పెట్టిన నిమ్మకాయ ఊరగాయ.

అక్కడికి చేరాక మొదటి రెండు రోజులూ గాలివానే. కిటికీలు దడదడలాడాయి. మేం గడప దాటలేదు. మూడో రోజు తెరిపి ఇచ్చింది. అనుకున్న వేళకే బయలుదేరాం, కాని బురదలో కాళ్ళు దిగబడి నడక సాగలేదు. దూరాన ముసలాయన తల మాత్రం కనిపించేసరికి పన్నెండున్నర అయింది.

"ఇంకొక్క పావుగంట నడుద్దాం," అన్నాను నేనే.

మేనల్లుడు ముసలాయన వంక చూశాడు. జేబులోంచి కాగితం తీసి ఎర్రగీత చూశాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "వద్దు మామయ్యా, వెనక్కు పోదాం," అన్నాడు.

మేం కారు చేరిన కాసేపటికే పడమటినుంచి నల్లని వాన తెర వచ్చి కొండ అంచును కప్పేసింది. రెండు గంటలకే లోకం మసకబారింది. ఆ వేళ ఆ కొండ అంచున ఉంటే దారి కనిపించేదే కాదు.

ఆ రాత్రి కిటికీలోంచి దీపస్తంభపు వెలుగు కనిపించింది. అది 1870లో వెలిగిన దీపం. 1978లో అది దానంతట అదే పనిచేసే ఏర్పాటు జరిగి, కాపరులు వెళ్ళిపోయారు. పిల్లలు లెక్కపెట్టారు: 15 సెకండ్లకు ఒక మెరుపు.

మేనల్లుడు కొత్త కాగితం తీసి, "మళ్ళీ వచ్చేటప్పుడు" అని రాసి, దాని కింద మొట్టమొదట ఎర్రగీత గీశాడు.