పంటికీ పంటికీ మధ్య

రాత్రి పదిన్నరకి, వంటింటి గట్టు తుడవడం కూడా అయిపోయాక, బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకుంటాను. బయటికి వచ్చేసరికి పావుగంట. మొదట్లో నా సహచరుడు తలుపు కొట్టేవాడు. "ఇంకా పళ్లేనా?" అవును, ఇంకా పళ్లే. నలభై ఎనిమిదేళ్ల వయసులో పళ్లకి వైరు వేయించుకున్న మనిషి దారంతో సందులన్నీ శుభ్రం చేసుకోవాలంటే అంతసేపూ పడుతుంది. పేపరు పట్టుకుని అదే బాత్‌రూమ్‌లో ఆయన గడిపే అరగంటకి ఇన్నేళ్లలో ఎవరూ తలుపు కొట్టలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది.

వైరుతో కాలేజీకి వెళ్లిన మొదటిరోజు స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ "పెళ్లీడు కూతుర్ని పెట్టుకుని ఇప్పుడెందుకండీ మనకివన్నీ?" అంది. కోపంగా కాదు, చనువుగానే. అందం కోసమని అందరూ అనుకున్నారు. అందం కోసమైతే మాత్రం ఏం తప్పు అని అడిగుండాల్సింది. "కాదండీ, చిగుళ్ల జబ్బు" అని సంజాయిషీ ఇచ్చుకున్నాను. జబ్బు అనగానే ఆవిడకీ నాకూ ఇద్దరికీ ఊపిరి ఆడింది. ఆడదాని ఒంటిమీద ఖర్చుకి జబ్బు ఒక్కటే మర్యాదైన కారణం కాబోలు.

జబ్బు మాట నిజమే. రెండేళ్ల కిందట ఒక సదస్సు ఫోటోలో నా పైపళ్ల మధ్య సందు కనిపించింది. అంతకుముందు లేదు. డెంటిస్టు చిన్నపిల్ల, మా అమ్మాయి కన్నా ఐదారేళ్లు పెద్దదేమో. సన్నటి కొలపుల్లతో ప్రతి పంటి పక్కా చిగురు లోతు కొలిచింది. మూడు మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదట. నాకు కొన్నిచోట్ల ఆరు. "లోపల ఎముక తగ్గిపోయింది మేడమ్. పట్టు లేక పళ్లు జరుగుతున్నాయి" అంది. నొప్పే లేదే అన్నాను. చిగుళ్ల జబ్బు చాలామందికి నొప్పి లేకుండానే ముదురుతుందట. తోముకునేటప్పుడు రక్తం ఎప్పట్నుంచి వస్తోందని అడిగింది. ఆలోచిస్తే, అమ్మాయి కడుపులో ఉన్నప్పట్నుంచి. ఇరవై రెండేళ్లుగా నేను ఉమ్మిన నురగ గులాబీరంగులోనే ఉంది. అదే మామూలనుకున్నాను.

గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్లు పెరిగి, కొద్దిపాటి పాచికే చిగుళ్లు వాచి రక్తం కారతాయి. కాన్పు తర్వాత చాలామందికి తగ్గుతుంది. పాచి అలాగే పేరుకుని గార కడితే జబ్బు లోపలికి దిగుతుంది. ఆ తొమ్మిది నెలలూ నన్ను తూకం వేశారు, బీపీ చూశారు, ఐరన్ మాత్రలిచ్చారు. నోరు తెరవమ్మా అని ఒక్కరూ అనలేదు.

నోరంటే గుర్తొచ్చింది. నేను సాహిత్య విమర్శ రాసేదాన్ని. "నోరు విప్పడం" గురించి, "నోరు నొక్కేయడం" గురించి ఎన్ని పేజీలు రాశానో లెక్కలేదు. ఆడపిల్లకి అంత నోరేమిటన్న సామాజిక సూత్రం మీద ఒక పత్రం కూడా సమర్పించాను. అందులో నోరంటే మాటే. నాలుకా చిగుళ్లూ దవడా ఉన్న నోరు నా రాతల్లో ఎక్కడా లేదు. హాస్టల్లో "సవాలక్ష సందేహాలు" చేతులు మారి చేతులు మారి చదువుకున్న తరం మాది. మన శరీరం మనం తెలుసుకోవాలని ఆ పుస్తకంతోనే నేర్చుకున్నాను. తెలుసుకోవడం ఎక్కడ ఆపేశానో ఇప్పుడు చూస్తే నవ్వొస్తోంది.

"రక్తం ఆగేదాకా వైరు వెయ్యను" అంది ఆ పిల్ల. చిగుళ్లు కుదుటపడకుండా పళ్లని లాగితే ఉన్న ఎముక కూడా పోతుందట. గార తీసింది, చిగుళ్ల లోపల శుభ్రం చేసింది, తర్వాత నా చేతికి దారం ఇచ్చింది. పంటికి ఐదు ముఖాలుంటే బ్రష్షు మూడింటినే తోముతుంది. పక్కపంటిని ఆనుకున్న రెండు ముఖాలూ దారానివి.

మూరెడు దారం, అంటే ఓ నలభై ఐదు సెంటీమీటర్లు, తెంచుకోవాలి. రెండు చివర్లూ రెండు మధ్యవేళ్లకి చుట్టుకుని, బొటనవేళ్లకీ చూపుడువేళ్లకీ మధ్య అంగుళం, అంగుళంన్నర మాత్రం బిగువుగా ఉంచాలి. పళ్ల మధ్యకి రంపం కోసినట్టు మెల్లిగా అటూ ఇటూ ఆడిస్తూ దించాలి. నేను మొదట్లో టక్కున నొక్కేదాన్ని. దారం వెళ్లి చిగుర్ని కోసేది. దిగాక అసలు పని మొదలవుతుంది. చాలామంది దిగగానే పైకి లాగేస్తారు. దారాన్ని ఒక పంటి చుట్టూ సగం చంద్రుడిలా వంచి, పంటికే ఆనించి, చిగురు అంచు కిందికి కాస్త జార్చి, కిందికీ పైకీ నాలుగైదుసార్లు రుద్దాలి. అదే సందులో పక్కపంటికీ అలాగే, ఈసారి వంపు రెండోవైపు. మధ్యలో మొనలా ఉండే చిగుర్ని కొయ్యకుండా దాటాలి. సందు మారినప్పుడల్లా ఒక వేలి నుంచి విప్పి ఇంకో వేలికి చుట్టుకుంటూ కొత్త ముక్క వాడాలి. చిట్టచివరి దవడపళ్ల వెనకవైపు కూడా.

మొదటి నాలుగు రోజులూ బాగా రక్తం వచ్చింది. భయపడి ఫోన్ చేస్తే "వాచిన చిగుళ్లు కదా, ఆపకండి. రెండు వారాలైనా తగ్గకపోతే రండి" అంది. పదోరోజుకి ఉమ్మి తెల్లగా వచ్చింది. ఆ తెలుపుని కొళాయి కట్టేసి కాసేపు చూశాను.

వైరు వేశాక ఈ విద్యంతా మళ్లీ మొదటికొచ్చింది. పళ్లన్నిటికీ అడ్డంగా తీగ ఉంటే దారం పైనుంచి దిగదు. దానికో ప్లాస్టిక్ సూది ఉంది, థ్రెడర్ అంటారు. మొన లేదు, కన్ను మాత్రం ఇంత పెద్దది. ఆ కన్నులో దారం ఎక్కించి, వైరు కింద నుంచి దూర్చి, అవతలికి లాగి, అప్పుడు దారాన్ని వేళ్లకి చుట్టుకోవాలి. ప్రతి సందుకీ కొత్తగా దూర్చాల్సిందే. దారం బ్రాకెట్‌కి తగులుకుంటే గుంజకూడదు, ఒక చివర వదిలేసి పక్కకి లాగెయ్యాలి. ఒక చివర బిరుసుగా, మధ్యలో స్పాంజిలా ఉబ్బి ఉండే దారం కూడా దొరుకుతుంది. దానికి సూది అక్కర్లేదు, వెల ఎక్కువ. సందు వెడల్పుగా ఉన్నచోట సీసాలు కడిగే బ్రష్షుకి పిల్లలా ఉండే చిన్న బ్రష్షు దారం కన్నా మేలు.

మా అమ్మ ఇది చూసి "కాజాలు కుట్టినట్టుందే అమ్మాయ్" అంది. 1819లోనే లెవీ స్పియర్ పార్మ్లీ అనే అమెరికా డెంటిస్టు మైనం పూసిన పట్టుదారంతో పళ్ల సందులు శుభ్రం చేసుకోమని రాశాడని చెప్పాను. జాకెట్లు కుట్టి మమ్మల్ని చదివించిన మనిషి, ఇంటినిండా దారం ఉన్న మనిషి, యాభై రెండేళ్లకే పైవరస మొత్తం పీకించుకుంది. అందరూ తిన్నాక తిని, మిషన్ ముందు కూర్చుని, ఏ అర్ధరాత్రో పుక్కిలించకుండానే పడుకునేది. "కానుపులకి పోయాయిలే" అంటుంది ఇప్పటికీ. బిడ్డ తల్లి పళ్లలోంచి కాల్షియం లాక్కోదమ్మా అని చెప్పాను. "అయితే నా తప్పేనంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అమ్మకి నా పళ్ల గురించిన బెంగ వేరు. నావి ఎత్తుపళ్లు. పెళ్లిచూపులకి ముందు "మూతి బిగించుకుని కూర్చో, నవ్వు వస్తే తల దించుకో" అని నేర్పింది. 1999లో కుదిరిన సంబంధంలో ఆ పళ్లకి పాతికవేలు అదనంగా పడింది. ఆ మాట ఎవరూ బయటికి అనలేదు, లెక్కలో మాత్రం ఉంది. పెళ్లి ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ నా పళ్లు లేవు.

ఇక్కడిదాకా రాయడం తేలికే. నా కూతురి సంగతే కష్టం.

దానివీ నా పళ్లే. పదమూడో ఏట, 2016లో, వైరు వేయించాను. అది వద్దంది. "నాకు బాగానే ఉన్నాయిగా" అంది. "నమలడానికి మంచిదిట" అని చెప్పాను. డాక్టరు అలా అననేలేదు. నా మనసులో ఉన్నది ఆ పాతికవేలు. ఆ వైద్యుడు బాగా తోముకో పాపా అని ఒక చిన్న బ్రష్షు ఇచ్చి పంపాడు, దారం ఊసెత్తలేదు. ఆ ఆగస్టులోనే పేపర్లో వార్త వచ్చింది: ఫ్లాస్ వల్ల మేలని గట్టి రుజువులు లేవు, అమెరికా ప్రభుత్వ ఆహార సూచనల్లోంచి ఆ సలహా తీసేశారు అని. నేనది చదివి నిశ్చింతపడ్డాను. అధ్యయనాలు చిన్నవీ కొద్దికాలం చేసినవీ కావడం వల్ల రుజువు బలహీనమన్నారు తప్ప, దారం పనికిరాదని తేల్చలేదు. ఆధారాలని జాగ్రత్తగా చదవాలని తరగతిలో చెప్పేదాన్నే. 2019లో కోక్రేన్ వాళ్ల సమీక్ష కూడా అంతే తూచి చెప్పింది: బ్రష్షుకి దారం తోడైతే చిగుళ్ల వాపు తగ్గవచ్చు, ఆధారం మాత్రం బలంగా లేదు.

రెండేళ్లకి వైరు తీశారు. పళ్లు వరసగా ఉన్నాయి. ప్రతి పంటి మీదా, బ్రాకెట్ అంటించిన చోటు చుట్టూ, సుద్దముక్కతో గీసినట్టు తెల్ల మచ్చలు. పాచిలోని ఆమ్లానికి పింగాణీలోంచి ఖనిజాలు కరిగిపోయిన గుర్తులు. దవడపళ్ల సందుల్లో రెండు పుచ్చులు. ఎత్తుపళ్లు పోయాక కూడా అది ఫోటోల్లో పెదాలు మూసుకునే నవ్వేది. నేనది గమనించి ఊరుకున్నాను.

మొన్న సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చింది. రాత్రి నా వెనక నిలబడి, నేను సూది దూర్చడం అద్దంలో చూస్తూ ఉండిపోయింది. "ఇదంతా అప్పుడు నాకెందుకు చెప్పలేదమ్మా?"

తెలియదని అనొచ్చు. తెలుసుకోలేదన్నది నిజం. పళ్లు వరసలోకి వస్తున్నాయా లేదా అనే చూశాను, ఆ రెండేళ్లూ దాని నోటి లోపలికి చూడలేదు. అదే చెప్పాను. అది ఏమీ అనకుండా కిందిపెదవి లాగి చూపించింది. కిందిపళ్ల వెనక, జరగకుండా అంటించిన సన్నటి తీగ ఇంకా ఉంది, ఏడేళ్లుగా. దాని కింద దారం ఎప్పుడూ వెళ్లలేదు. గార పసుపుపచ్చగా కట్టి ఉంది.

"ఇది దారానికి పోదు. ముందు తీయించుకోవాలి" అన్నాను.

"సరే. ఎక్కించడం చూపించు."

స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోన్ లైటు దాని చేతికిచ్చి, సూది ఎలా వంచాలో చూపించాను. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి అదే దూర్చుకుంది. రక్తం వచ్చింది. "ఆపకు" అన్నాను.

వెళ్లేటప్పుడు నా థ్రెడర్ల పాకెట్ పట్టుకుపోయింది. మా ఊళ్లో అవి ఒక్క మందులషాపులోనే దొరుకుతాయి, అదీ చెప్పి తెప్పించుకోవాలి. డబ్బాలో నాకు రెండు మిగిలాయి. కడిగి, ఆరబెట్టి, వాటితోనే నెట్టుకొస్తున్నాను.