తీగ తెగితే తప్పెవరిది?

తెగేదాకా లాగొద్దంటారు మనవాళ్లు. పియానో తీగ మాత్రం ఎవరూ లాగకుండానే తెగుతుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకరి తరవాత ఒకరు కూర్చుని సాధన చేసే సంగీత కళాశాలల గదుల్లో ఇది మామూలే. టప్పుమని తీగ తెగ్గానే నింద వాయిస్తున్న విద్యార్థి మీద పడుతుంది: మొరటు చెయ్యి, మెట్ల మీద బాదేస్తున్నాడని. ఈ నింద చాలావరకు అన్యాయం. తీగ ప్రాణం తీసేది ఒక పెద్ద దెబ్బ కాదు, ఒకేచోట లక్షలసార్లు వంగడం.

పియానోలో 88 మెట్లకు దాదాపు 230 తీగలుంటాయి. మంద్రంలో స్వరానికి ఒకటో రెండో, రాగి చుట్టినవి. పైకి వెళ్లేకొద్దీ మూడేసి ఉక్కు తీగలు. ఒక్కో తీగ మీద సుమారు 80 కిలోల బిగువు, అన్నీ కలిపితే 18 టన్నుల పైమాటే. మూత వేసి ఉన్నా సరే, తీగ తన బలంలో సగమో అంతకు మించో ఆ బిగువుకే ధారపోస్తూ ఉంటుంది. దానిమీద సాధన దెబ్బలు. ఒక మెట్టు నిమిషానికి పదిసార్లే పలికిందనుకున్నా, రోజుకు ఆరు గంటలకు 3,600 దెబ్బలు. ఏడాదిలో 300 రోజులకు పది లక్షలు దాటుతాయి. ఒక్కసారి పడితే తేలిగ్గా ఓర్చుకునే బరువే పదే పదే పడితే లోహం విరుగుతుందని 19వ శతాబ్దంలోనే ఆగస్ట్ వోలర్ జర్మనీ రైళ్ల ఇరుసుల మీద పరీక్షలు చేసి చూపించాడు. పియానో తీగదీ అదే కథ. తెగిన తీగను చేతిలోకి తీసుకుని చూడండి. మెట్టు నొక్కితే లేచి తీగను కొట్టే సుత్తి తగిలిన చోట తెగడం చాలా అరుదు. తీగ ఒక ఆనిక మీద వంపు తిరిగే చోట, తీగలు ఆనే బ్రిడ్జి మేకు పక్కన, ట్యూనింగ్ పిన్నుకు చుట్టుకునే మలుపులో తెగుతుంది. దెబ్బ ఒకచోట, తెగడం మరోచోట. తప్పంతా దెబ్బదే అయితే ఇలా ఎందుకు జరుగుతుంది?

19వ శతాబ్దపు పియానో విద్వాంసుడు లిస్ట్ కచేరీల్లో తీగలు తెంపేవాడు కదా, అది చేతి బలం కాదా అంటారు. కానీ అతను కుర్రతనంలో వాయించిన పియానోల చట్రాల్లో కర్రే ఎక్కువ, తీగలూ నేటి ఉక్కంత గట్టివి కావు. మరొక అభ్యంతరం ఇంతకన్నా బలమైనది: ఒకరి చేతిలో ఏళ్లు నిలిచిన తీగ మరొకరి చేతిలో నెలలకే ఎందుకు తెగుతోంది? నిజమే, గట్టిగా కొడితే వంపు పెరుగుతుంది, ఆయుష్షు తరుగుతుంది. అయితే అంత గట్టిగా ఎందుకు కొట్టాల్సి వస్తోందో, ఆ దెబ్బ తీగకు ఏ రూపంలో చేరుతోందో కూడా చూడాలి. బాగా వాడిన పియానో సుత్తిని బయటికి తీస్తే, గుండ్రంగా ఉండాల్సిన ఉన్ని ఫెల్ట్ ముక్కు చదునైపోయి, మూడు తీగలూ కోసిన మూడు గాళ్లు లోతుగా దిగి ఉంటాయి. గాడి అడుగున ఉన్ని అణిగి అట్టలా బిరుసెక్కి ఉంటుంది. అలాంటి సుత్తి తీగను నెట్టదు, పొడుస్తుంది. నాదం మృదుత్వం పోగొట్టుకుని రేకులా మోగుతుంది. నిండుదనం కోసం విద్యార్థి ఇంకా గట్టిగా కొడతాడు. ఫెల్ట్‌ను సానబట్టి, సూదులతో గుచ్చి మెత్తబరచడం ట్యూనర్ పని. అది జరగని గదిలో చేతిని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

వీణ తీగ తెగితే వైణికులు తామే మార్చుకుంటారు. పియానో విద్యార్థికి ఆ అవకాశం లేదు, ట్యూనర్ వచ్చేదాకా ఆగాల్సిందే. ఖర్చు మాట ఎత్తేవాళ్లు ఒకటి గమనించాలి: మామూలు ఉక్కు తీగ అంత పెద్ద వాద్యంలో అతి చవకైన వస్తువుల్లో ఒకటి. కొత్త తీగ సాగుతుంది, కొన్నాళ్లు శ్రుతి దిగుతూనే ఉంటుంది. అసలు ఖర్చు ట్యూనర్ మళ్లీ మళ్లీ రావడానికే. అందుకే తెగిన ఒక్కదాన్నే మార్చి ఊరుకోవడం నాకు పొదుపుగా తోచదు. అదే స్వరానికి పక్కనున్న రెండు తీగలూ అదే రోజు బిగించినవైతే, అవీ అన్నే దెబ్బలు తిన్నాయి, అదే వంపు దగ్గర అన్నేసార్లు వంగాయి.