చరణం ఎక్కడ పోయింది?

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయంటే మా వైపు సాయంత్రాలు ఇంట్లో టీవీ పెట్టుకోనక్కర్లేదండీ. దిల్‌సుఖ్‌నగర్‌లో బయల్దేరి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ రింగ్ రోడ్డు చేరి, నాగోలు రోడ్డులోకి తిరిగితే చాలు. ఫంక్షన్ హాళ్లే ఫంక్షన్ హాళ్లు. ఒకదాని ముందు బ్యాండ్, ఇంకోదాని ముందు డీజే, మూడోదాంట్లో స్టేజీ ఎక్కిన ఆర్కెస్ట్రా. ముగ్గురూ ఒకే రాత్రి వాయించే పాట ఏదో పందెం కాయమంటే నేను ‘ఎల్లువొచ్చి గోదారమ్మా’ మీద కాస్తాను.

అది ఎవరి పాట అని అడిగి చూడండి. కుర్రాళ్లు వరుణ్‌తేజ్ పాట అంటారు. వాళ్ల మేనమామలు శోభన్‌బాబుది అంటారు. ఇద్దరూ వాదులాడుకుంటుంటే పక్కనున్న అత్తయ్య ‘శ్రీదేవి పాటరా అది’ అని తేల్చేస్తుంది. చక్రవర్తి పాట అన్నవాళ్లు మాత్రం నాకింతవరకు తగల్లేదు.

సంగతి మొదట్నుంచీ చెప్తాను. 1982లో రామానాయుడు గారు తీసిన ‘దేవత’లోది ఆ పాట. రాఘవేంద్రరావు దర్శకత్వం, వేటూరి మాట, బాలు-సుశీల గొంతులు, చక్రవర్తి బాణీ. రాఘవేంద్రరావు పాటంటే పళ్లూ పూలూ అని మనం జోకులు వేసుకుంటాం గానీ ఇక్కడ ఆయన చేతికి బిందెలు దొరికాయి. గోదావరి ఇసుకలో మిలమిల మెరిసే బిందెలు బారులు బారులు, వాటి మధ్య పంచెకట్టులో శోభన్‌బాబు, పక్కన శ్రీదేవి. అంతే, జనానికి పాటా బిందెలూ ఒకటైపోయాయి.

మరుసటేడు 1983లో అదే దర్శకుడు హిందీలో ‘హిమ్మత్‌వాలా’ తీశాడు. అది కృష్ణ ‘ఊరుకి మొనగాడు’కి రీమేక్. అందులో బప్పీ లహరి బాణీకి, కిశోర్ కుమార్, లతా గొంతులకి జితేంద్ర, శ్రీదేవి ఆడుతుంటే చుట్టూ మళ్లీ బిందెలే! పాట వేరు, సినిమా వేరు, భాష వేరు. బిందెలు మాత్రం టికెట్ కొనుక్కుని బొంబాయి వెళ్లాయి. అసలు ‘దేవత’ కూడా 1984లో ‘తోఫా’ పేరుతో అటే వెళ్లింది. 2013లో ‘హిమ్మత్‌వాలా’ని అజయ్ దేవగణ్, తమన్నాలతో మళ్లీ తీసినప్పుడు ఆ బిందెల పాటను కిశోర్ కొడుకు అమిత్ కుమార్ చేత పాడించారు. తండ్రి పాట కొడుకు పాడాడన్నమాట. ఈ ముక్క గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

ఇప్పుడు చక్రవర్తి గారి దగ్గరికి. అసలు పేరు కొమ్మినేని అప్పారావు, గుంటూరు జిల్లా మనిషి. డబ్బింగ్ కూడా చెప్పేవాడు. డెబ్భైల చివర్లో, ఎనభైల్లో తెలుగు సినిమాకి సగం పాటలు ఆయనే కట్టాడా అనిపించేంత జోరు. ఆయన దగ్గర సహాయకులుగా పనిచేసినవాళ్లని చూడండి: రాజ్-కోటి, కీరవాణి. ఆయన చేయి తిరిగిన రోజుల్లో 1977లో వచ్చిన ‘యమగోల’లో ఎన్టీఆర్, జయప్రదల ‘ఓలమ్మీ తిక్కరేగిందా’ ఊరూరా మోగింది. ముప్ఫై ఏళ్లకు, 2007లో రాజమౌళి ‘యమదొంగ’కి అదే పాటను కొత్తగా తయారుచేసింది ఎవరనుకున్నారు? శిష్యుడు కీరవాణి. పాడింది జూనియర్ ఎన్టీఆర్, మమతా మోహన్‌దాస్. గురువు బాణీ శిష్యుడి చేతికి, తాత పాట మనవడి నోటికి. ఇంత పొందిక మళ్లీ కుదరలేదని నా అభిప్రాయం.

కుదరకపోయినా అందరూ ఆ దారే పట్టారు. 2009లో ‘మగధీర’ కోసం కీరవాణి 1992 నాటి తన ‘ఘరానా మొగుడు’ పాట ‘బంగారు కోడిపెట్ట’కే మళ్లీ తిరగమోత పెట్టాడు, వండినవాడే పెట్టాడు గనక రుచి చెడలేదు. 2012లో ‘రచ్చ’కి ‘గ్యాంగ్ లీడర్’ వాన పాట, 2013లో ‘నాయక్’కి ‘కొండవీటి దొంగ’ శుభలేఖ పాట వచ్చాయి. అన్నీ చిరంజీవి పాటలే, కొడుకు రామ్‌చరణ్ సినిమాల్లోకి. తర్వాత మేనల్లుడు సాయి ధరమ్ తేజ్ వంతు: 2015లో ‘సుబ్రమణ్యం ఫర్ సేల్’కి ఒకటి, 2016లో ‘సుప్రీమ్’కి ఒకటి. ఆ రెండు పాటలకీ అసలు కర్తలు రాజ్-కోటి. గురువు బాణీ అయిపోయాక శిష్యుల బాణీల మీద పడ్డారన్నమాట. పొలాల పంపకాల్లో అన్నదమ్ములకు తగాదాలొస్తాయి గానీ పాటల పంపకాల్లో మన హీరోల ఇళ్లలో ఎప్పుడూ పేచీ లేదు.

అందుకే 2019లో హరీష్ శంకర్ చేసిన పని నాకు నచ్చింది. ‘వాల్మీకి’ అని పేరు పెట్టుకుని, విడుదల గడపలో ‘గద్దలకొండ గణేష్’గా మారిందే, ఆ సినిమా. చిరంజీవి తమ్ముడు నాగబాబు కొడుకు వరుణ్‌తేజ్‌కి ఇంటి పాట ఒకటి అంటగట్టడం ఎంత సులువు! అలా కాకుండా, ఏ చుట్టరికమూ లేని శోభన్‌బాబు పాట ఇచ్చాడు. పూజా హెగ్డే పాత్రకి శ్రీదేవి అని పేరు పెట్టాడు. శ్రీదేవి పోయి అప్పటికి ఏడాదిన్నర. సంగీతం మిక్కీ జె మేయర్. గాయకుల పేర్ల దగ్గర మళ్లీ బాలు, సుశీల. మాట మళ్లీ వేటూరి. బిందెలు సరేసరి. ఎల్బీనగర్‌లో ఆ సినిమా చూస్తుంటే ఈలలు వెనక వరుస కుర్రాళ్ల నుంచి రాలేదు, నా పక్కనున్న యాభై దాటిన పెద్దమనిషి నుంచి వచ్చాయి. ఆయన కొడుకు సిగ్గుపడి ఫోన్ తీసుకున్నాడు.

చక్రవర్తి పేరు జనానికి ఎందుకు అందలేదో నాకో అనుమానం ఉంది. క్యాసెట్ల కాలంలో దిల్‌సుఖ్‌నగర్‌లో రికార్డింగ్ షాపుకి పాటల చీటీ పట్టుకెళ్లేవాళ్లం. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్, ‘ఏ’ వైపు ఆరు, ‘బి’ వైపు ఆరు. షాపు కుర్రాడు లోపలి అట్ట మీద ఎర్ర పెన్నుతో వరసగా రాసిచ్చేవాడు: పాట మొదటి మాట, సినిమా పేరు, బ్రాకెట్లో హీరో. ‘దేవత (శోభన్)’. ఆ అట్టమీద నాలుగో మాటకి చోటే లేదు. బాణీ కట్టినవాడు అక్కడే దిగిపోయాడు. ఇప్పుడు ఫోన్లో వెతికితే సంగీతం ఎవరిదో కనిపిస్తుంది, చూసే ఓపికే మనకి లేదు.

ఇంకో ప్రశ్న రావాలి మీకు. ఇలా ఎవరి పాటనైనా ఎవరైనా వాయించేసుకుంటే అసలువాళ్లు ఊరుకుంటారా? ఊరుకోరు. 2017లో అమెరికా కచేరీల్లో ఉన్న బాలు గారికే ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వెళ్లింది, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. దేశమంతా రెండు పక్షాలైంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పాటను వేరేవాళ్లు మళ్లీ రికార్డు చేసి అమ్మాలంటే, మొదటి రికార్డింగ్ జరిగిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి, రాయల్టీ ముందే కట్టాలి. కానీ అదే చట్టంలో పెళ్లివాళ్లకి ఓ తలుపు తెరిచిపెట్టారు. పెళ్లి ఊరేగింపులో, పెళ్లి తాలూకు వేడుకల్లో పాట వాయిస్తే అది ఉల్లంఘన కాదు. 2023 జులైలో కేంద్రం ఆ మాటే మరోసారి నోటీసుగా చెప్పింది, పెళ్లిళ్ల దగ్గర రాయల్టీ అడగొద్దని. అంటే మన నాగోలు రోడ్డు బ్యాండువాళ్లు ఏ నిర్మాతకీ దణ్ణం పెట్టక్కర్లేదు. పాటను ఇష్టం వచ్చినట్టు తిప్పుకునే స్వేచ్ఛ హీరోల ఇళ్లకంటే వాళ్లకే ఎక్కువ.

మరి ఆ స్వేచ్ఛతో ఏం చేస్తున్నారు? మొన్నొక బరాత్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకుంటే దగ్గరగా నిలబడి విన్నాను. పెళ్లికొడుకు టాపు తీసిన కారులో ఉన్నాడు. క్లారినెట్ మాస్టరు పుల్ల నాలిక మీద తడుపుకుని మన పాట ఎత్తుకున్నాడు. పల్లవి ఒకసారి, రెండోసారి, మూడోసారి. చరణం వస్తుందని చెవి రిక్కించాను. డోలువాడు ఫట్‌మని తీన్మార్‌లోకి దూకాడు, పాట అక్కడితో సరి. నోట్లు గాల్లో తిప్పుతున్న బావమరిది పండగ చేసుకున్నాడు. కాస్త సందు దొరికినప్పుడు మాస్టర్ని అడిగాను, చరణం ఎందుకు వదిలేశారని.

“చరణం వాయిస్తే కాళ్లు ఆగుతయ్ సార్. కాళ్లు ఆగితే నోట్లు ఆగుతయ్” అన్నాడు. ఆయన మాటలో తప్పు పట్టడానికేం లేదు. “మీకు వచ్చా చరణం?” అన్నాను. మాట్లాడకుండా క్లారినెట్ పైకెత్తాడు. డోలు లేదు, ట్రంపెట్ లేదు. ‘దేవత’ చరణం మొత్తం, సుశీల గారు పాడే చోట గమకంతో సహా, ఆగిన ఆటోల మధ్య వాయించి దించాడు. ఆటోలో కూర్చున్న పెద్దావిడ ఒకామె తల బయట పెట్టి “ఇంకోసారి వాయించు బిడ్డా” అంది. ఈలోగా సిగ్నల్ పడింది, బండి కదిలింది.

రీమిక్సులు చేసే పెద్ద స్టూడియోలదీ ఇదే వరస. పల్లవి మీద కొత్త డ్రమ్ములు, మధ్యలో ర్యాప్; చరణం దగ్గరికొచ్చేసరికి హడావిడి. కానీ బాణీ కట్టినవాడి పనితనం తేలేది చరణంలోనే. పల్లవి ఎవరైనా హుషారుగా కట్టగలరు. అక్కణ్నుంచి చెయ్యి పట్టుకుని ఎక్కడెక్కడో తిప్పి, మళ్లీ గుమ్మం దగ్గర దించడం చక్రవర్తి లాంటివాళ్లకే చేతనయ్యింది. ‘గద్దలకొండ గణేష్’ పాటను నేను వెనకేసుకొచ్చేది కూడా అందుకే, చరణాలను అది బతకనిచ్చింది.

కాబట్టి మీ ఇంట్లో ఈ ఏడు పెళ్లి ఉంటే ఒక్క సాయం చేయండి. బ్యాండ్ మాట్లాడుకుని బయానా చేతిలో పెట్టేటప్పుడే చెప్పండి, ఆ పాట వాయిస్తే ఒక్క చరణమైనా పూర్తిగా వాయించాలని. తీన్మార్ తర్వాత ఎలాగూ ఉంటుంది. మాస్టర్లకు చరణం వచ్చు, మనం అడగాలంతే.