ఒంట్లోని వంటిల్లు

సరుకు నిండుకున్న రోజున ఇల్లాలు పడే పాట్లు మనకు తెలియనివి కావు. మన ఒంట్లోనూ అటువంటి వంటిల్లు ఒకటి ఉన్నది. అందులో సరుకు నిండుకుంటే ఏమవుతుందో నేను లాలాగూడలో చూశాను.

1960 ప్రాంతంలో మేము అక్కడి రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. పాలమూరు వైపునుంచి వచ్చిన ఒక ముసలమ్మ మా ఇంట్లో అంట్లు తోమేది. ఆమె ముంజేతులూ, పాదాలూ కాలినట్లు నల్లబడి పొట్టు లేస్తూండేవి. మెడచుట్టూ హారం వేసినట్లు నల్లని పట్టీ. "అంటురోగమండీ, మానిపించెయ్యండి" అన్నారు ఇరుగుపొరుగులు. అమ్మ మానిపించలేదు గాని, ఆమె తోమిన గిన్నెలు మళ్లీ ఒకసారి కడుక్కునేది.

"జొన్నరొట్టె తప్ప ఏం తింటలేనమ్మా, నాకేం రోగముంటది?" అనేది ముసలమ్మ.

రోగమూలం ఆ మాటలోనే ఉన్నది! నాన్నగారి స్నేహితుడైన ఒక డాక్టరు చూసి, బిళ్లలిచ్చి, పాలూ పప్పూ పెట్టమన్నాడు. నెల తిరక్కుండా చేతులు తేటపడ్డవి. అమ్మ గిన్నెలు రెండోసారి కడగడం మానేసింది.

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. ఇది అంటురోగం కాదని అమెరికాలో గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు 1914 తరవాత నిరూపించాడు. దీనికి మందు నికొటినిక్ ఆమ్లమని, అంటే నియాసిన్ అని, 1937లో ఎల్వెజెం కనిపెట్టిన దానివల్ల తేలింది.

చిత్రమేమిటంటే, ఈ నియాసిన్‌ను మన కాలేయం స్వయంగా వండుకోగలదు. పాలూ, పప్పూ, గుడ్లూ ఇచ్చే ట్రిప్టోఫాన్ దానికి ముడిసరుకు. అయితే సుమారు 60 మిల్లీగ్రాముల సరుకు పోస్తే గాని 1 మిల్లీగ్రాము తయారు కాదు. పైగా ఈ వంటకు బి6 విటమిన్ చేతిసాయం కావాలి. శరీరం పొదుపరి. కండ కట్టడానికి ముందు వాడుకుని, మిగిలినదే ఇటు పంపుతుంది. పేదవాడికి మిగిలేదెంత?

మొక్కజొన్న తినేవారికి పెల్లాగ్రా రావడం లోకానికి తెలిసినదే. జొన్న తినే దక్కనువారికి ఎందుకు రావాలి? 1958లో కూనూరునుంచి హైదరాబాదుకు తరలివచ్చి, మన తార్నాకలో వెలసిన పోషకాహార పరిశోధనశాల ఈ ప్రశ్న వేసుకున్నది. జొన్నలో ల్యూసిన్ మితిమీరి ఉన్నదనీ, అదే నియాసిన్ వ్యవహారాన్ని చెడగొడుతున్నదనీ గోపాలన్, శ్రీకాంతయ్యగార్లు 1960లో ప్రకటించారు. పెళ్లివంటలో ఒక పక్షం చుట్టాలే జొరబడితే రెండోవారికి పొయ్యి దొరకనట్లన్నమాట! తరవాత జరిగిన ప్రయోగాలన్నీ దీన్ని బలపరచలేదు, వాదం మిగిలింది. ఒట్టి జొన్నమీద బ్రతికే పేదలకు జబ్బు వచ్చిందన్నది మాత్రం కళ్లెదుటి సంగతి.

ఇప్పుడు చక్కెరజబ్బు పేరు చెప్పి మనమందరం జొన్నరొట్టె తింటున్నాం. భయం లేదు. జొన్నలో దోషం లేదు, దానికి తోడు లేకపోవడమే దోషం. రొట్టె పక్కన గరిటెడు పప్పూ, గ్లాసెడు మజ్జిగా ఉంటే ఒంట్లోని వంటిల్లు తన పని తాను చూసుకుంటుంది. అవి లేని కంచాలు ఇంకా ఉన్నవి. మనం చూడవలసింది ఆ కంచాలకేసి.